'నాకేం ఫరవాలేదు' అన్నారు మాస్టారు

గుంటూరు బ్రాడీపేట నుంచి 71 ఏళ్ల ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

భర్తకు 78 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కిందటి కార్తీకమాసంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. ఆస్పత్రిలో 12 రోజులుండి ఇంటికొచ్చారు. ఇప్పుడు పట్టుకుంటే లేస్తారు, పట్టుకుంటే నడుస్తారు. మాట స్పష్టంగానే ఉంది. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు టెక్సస్‌లో. పై వాటా అద్దెకిచ్చి, కింద వీళ్లిద్దరే ఉంటున్నారు.

ఇంటికొచ్చి చూసుకునే మనిషి కోసం కొడుకు ఆన్‌లైన్‌లో రెండు సంస్థలకు అప్లై చేశాడు. మొదటివాళ్లు ఫోన్ చేసి, 'పేషెంట్ మంచం మీదేనా, నడుస్తారా?' అని అడిగారు. 'పట్టుకుంటే నడుస్తారండీ' అని ఈవిడ చెబితే, 'అలా కాదమ్మా, రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి' అన్నారట. రెండో సంస్థ మాత్రం సూపర్‌వైజర్‌ని ఇంటికే పంపింది. ఆ అమ్మాయి వస్తుందని తెలిసి మాస్టారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేయించుకున్నారు, తల దువ్వించుకున్నారు. మంచం పక్కన ఉండే యూరిన్ క్యాన్‌ని బీరువా వెనక పెట్టమన్నారు. స్నానం, బాత్రూమ్, బట్టలు, భోజనం... ఏది అడిగినా ఒకటే జవాబు: 'నాకేం ఫరవాలేదమ్మా, అన్నీ నేనే చేసుకుంటాను.' ఎడమ చేత్తో సంతకం కూడా పెట్టారు. కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఈవిడకు నోరు పెగల్లేదు.

పగటిపూట తోడు మనిషి చాలని సంస్థ తేల్చింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు వస్తున్నాడు. మంచివాడే కానీ ఫోన్ వదలడు, మనిషిని లేపడం రాదు. రాత్రి మూడుసార్లు లేపేది ఈవిడే. మూడు వారాల కిందట బాత్రూమ్‌లో ఇద్దరూ కలిసి పడ్డారు. ఆయనకేం కాలేదు, ఈవిడ మణికట్టు వాచింది. కొడుక్కి 'గడప తగిలింది' అని చెప్పారు. మనిషిని మార్చమని అడిగితే, 'పేషెంటే సంతకం పెట్టారు కదా, మార్చాలంటే మళ్లీ రిజిస్ట్రేషన్ కట్టాలి, పాత డిపాజిట్ 10,000 రాదు' అన్నారు. కొడుకేమో 'నాన్నే చేసుకుంటానన్నారుగా! లేదంటే హైదరాబాద్ వచ్చేయండి, కాదంటే విజయవాడ వైపు మంచి హోమ్ ఏదైనా చూస్తాను' అంటాడు. 'బ్రాడీపేట దాటను' అంటారు ఆయన. ఎదురింటాయన మాత్రం ఆర్డీవో ఆఫీసులో కొడుకు మీద కంప్లయింట్ పెట్టమంటున్నాడు.

'ఈసారి మనిషొస్తే ఆయన ముందే నిజం చెప్పి చిన్నబుచ్చనా? లేక ఓపిక ఉన్నన్నాళ్లు ఇలాగే లాక్కురానా?' ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా,

అన్నిటికంటే ముందు మీ మణికట్టు. మూడు వారాలైనా వాపు తగ్గలేదని ఉత్తరం చివర, అదేదో లెక్కలోకి రాని విషయంలా రాశారు. రేపే ఎక్స్‌రే తీయించండి. మీ వయసులో చెయ్యి ఆనించి పడితే మణికట్టు ఎముక విరగడం చాలా మామూలు. వాపే కదా అని కట్టు కట్టుకుని ఊరుకుంటే అది వంకరగా అతుక్కోవచ్చు. ఆ చెయ్యి కూడా పోతే మీ ఇంటికి ఇద్దరు మనుషులు కావాలి.

ఇక మాస్టారి సంగతి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన ప్రశ్న అడిగితే పిల్లలు లేచి నిలబడి జవాబు చెప్పారు. ఇప్పుడు మనవరాలి వయసు పిల్ల ఫారం పట్టుకుని కూర్చుని, 'బాత్రూమ్‌కి మీరే వెళ్తారా అంకుల్?' అని అడిగింది, అదీ మీరు వింటుండగా. ఆ కుర్చీలో ఎవరున్నా అదే జవాబు చెబుతారు. విజయవాడలో మా అమ్మని డాక్టర్ 'మెట్లు ఎక్కుతారా?' అని అడిగితే, 'ఎక్కకేం, దుర్గమ్మ కొండ మెట్లన్నీ ఎక్కుతాను' అంది. కొండ మెట్లెక్కి అప్పటికి పదేళ్లయింది. సత్యనారాయణపురంలో మా ఇంటి అరుగు మూడు మెట్లకు నేను చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది.

మాస్టారు చెప్పింది పూర్తిగా అబద్ధమని కూడా నేననను. బాగున్న రోజున, పగటి వెలుతురులో, గోడ పట్టుకుని ఆయన ఒక్కరే బాత్రూమ్ దాకా వెళ్లే ఉంటారు. ఆయనకు గుర్తుండేది ఆ రోజే. రాత్రి ఒంటిగంటన్నరకి నిద్రమత్తులో మీ భుజం మీద బరువంతా వేసి నడిచిన నడక ఆయనకు గుర్తుండదు, మీ నడుముకి గుర్తుంటుంది. 'చేసుకోగలరా?' అని అడిగితే ఆయన తన మంచిరోజును తలుచుకుని చెప్పారు. సంస్థకు కావలసింది 'రోజూ ఎలా చేసుకుంటున్నారు?' అన్నదానికి జవాబు. ఆ తేడా చెప్పకుండా గబగబా టిక్కులు పెట్టుకుపోయిన సూపర్‌వైజర్‌ది కూడా తప్పే.

మరి మీరో? 'గడప తగిలింది' అన్నారు. మాస్టారిది 'నాకేం ఫరవాలేదు', మీది 'గడప'. పొద్దున కాఫీ అయ్యాక, గడ్డం గీయించుకుని కూర్చున్న నాన్నని వీడియో కాల్‌లో చూసే మీ అబ్బాయికి ఈ రెండు మాటలే అందాయి. వాటిని పట్టుకుని అతను 'పగటి మనిషి చాలు' అనుకుంటే తప్పు పట్టడం కష్టం. అందుకే ఎదురింటాయన సలహా పక్కన పెట్టండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన ఆ చట్టం పట్టించుకోని పిల్లల కోసం. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ భరణం ఇప్పిస్తుంది కానీ, రాత్రిపూట లేపే మనిషిని పంపదు. మీ అబ్బాయి డబ్బు కడుతున్నాడు, ఫోన్ ఎత్తుతున్నాడు. అతనికి తెలియనిది తెలియజేయడమే మిగిలింది.

నిజం చెప్పడానికి మీకు కనిపించిన దారి ఒక్కటే, ఆయన ముందు అనేయడం. నాకు మూడు కనిపిస్తున్నాయి.

సూపర్‌వైజర్ వెళ్లేటప్పుడు గేటు దగ్గర విడిగా చెప్పడం ఒకటి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పని త్వరగా అవుతుంది. కానీ ఆ రాత్రి కొత్త మనిషి వచ్చి 'సార్, మిమ్మల్ని నేను లేపుతాను' అనగానే, తన వెనక మాట నడిచిందని మాస్టారికి తెలిసిపోతుంది. ఆ కోపం ఆ మనిషి మీదకి వెళ్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, నాలుగు రోజుల్లో పంపించేసే రకం ఆయన.

రెండోది, మాట బయటి నుంచి రానివ్వడం. ఆయనకు ఫిజియోథెరపీ చేయిస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేయిస్తుంటే ఆ థెరపిస్టును, లేదా చూస్తున్న న్యూరాలజిస్టును, బార్తెల్ ఇండెక్స్ వేసి కాగితం ఇమ్మనండి. పక్షవాతం వచ్చినవాళ్లకు చాలాకాలంగా వాడుతున్న లెక్క అది. తినడం, స్నానం, బట్టలు, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు... ఇలా పది అంశాలు, మొత్తం 100 మార్కులు. మెట్లు తనంతట తాను ఎక్కితే 10, ఎవరైనా సాయం పడితే 5, ఎక్కలేకపోతే సున్నా. మొదటి సంస్థ ఫోన్‌లో మీకు దొరకని 'పట్టుకుంటే నడుస్తారు' అనే గడి ఇందులో ఉంది. మనిషి చేయగలిగింది కాదు, రోజూ నిజంగా చేస్తున్నది రాయాలన్నది దీని నియమం. పైగా మీ ఆయన లెక్కల మాస్టారు! ఎవరో టిక్కు పెడితే ఒళ్లు మండుతుందేమో కానీ, పెన్ను ఆయన ఎడమ చేతికే ఇచ్చి, 'మీరే వేసుకోండి, థెరపిస్టు దిద్దుతారు' అంటే ఏమంటారో చూడండి. జీవితమంతా నిక్కచ్చిగా మార్కులు వేసిన మనిషి తనకు తాను దొంగ మార్కులు వేసుకోవడం అంత తేలిక కాదు. ఈ దారిలో వారం పది రోజులు ఆలస్యమవుతుంది. ఆయన ఆ రోజు మొండికేస్తే కాగితమూ రాదు.

మూడోది అన్నిటికంటే కష్టం, నాకు ఎక్కువ నచ్చింది కూడా. ఆయన చేతకానితనం గురించి కాకుండా మీ చేతకానితనం గురించి ఆయనతో మాట్లాడటం. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని, 'నా చెయ్యి ఇక మిమ్మల్ని ఆపలేదండీ. ఈసారి పడితే ఇద్దరం లేవం. మనిషి కావాల్సింది నాకు' అనండి. ఇది ఆయన్ని ఒప్పించడానికి అల్లే కథ కాదు, జరుగుతున్నదే. తన కోసం మనిషిని ఒప్పుకోని మగవాళ్లు భార్య కోసమంటే ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. అయితే ఒక్కోసారి 'నీకు నేను బరువైపోయానా?' అన్న మాట వస్తుంది. వస్తే కంగారుపడి వెనక్కి తగ్గకండి. 'బరువే, అరవై అయిదు కిలోలు' అని నవ్వండి.

ఏ దారి పట్టినా ముందు మూడు రోజులు, మూడు రాత్రులు ఒక నోటుబుక్కులో రాయండి. పెద్ద రాతలు అక్కర్లేదు. 'రాత్రి 1:40. బాత్రూమ్. నేను లేపాను. రెండుసార్లు తూలారు. 2:15కి పడుకున్నాం. 4:30 మళ్లీ.' ఇంతే. మూడు రోజులయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి అబ్బాయికి పంపండి, గడప సంగతి కూడా అప్పుడే సరిచేయండి. 'నాన్న లేవలేకపోతున్నారు' అని మీరు వందసార్లు అన్నా వినపడనిది, 2:15 అనే అంకె చూస్తే వినపడుతుంది. కొత్తగా అప్లై చేసేటప్పుడు ఆ పేజీలే జత చేయండి. 'ప్రస్తుతం ఎవరు చూసుకుంటున్నారు?' అని చాలా ఫారాల్లో అడగరు. అడగకపోయినా రాయండి: భార్య, 71 ఏళ్లు, మణికట్టుకు దెబ్బ.

ఈ పుస్తకం రాస్తే మీకే తెలిసిపోయేది ఇంకొకటుంది. పగలు పనిమనిషి వస్తుంది, పక్కింటివాళ్లుంటారు, ఆయనకు వెలుతురు ఉంటుంది. ప్రమాదమంతా రాత్రి. మీ దగ్గరికి వచ్చిందేమో పగటి మనిషి! పగలూ రాత్రీ ఇంట్లో ఉండే మనిషినే అడగాలని లేదు, 12 గంటల నైట్ షిఫ్ట్ ఒక్కటే తీసుకోవచ్చు. ఖర్చు అదుపులో ఉంటుంది, మీకు నిద్ర దక్కుతుంది. పగలు మాత్రం మీరూ, పనిమనిషీ సర్దుకోవాలి. స్నానం వేళకు మరో జత చేతులు లేకుండా చేయించకండి. ఇరవై నాలుగు గంటల మనిషి అయితే ఆ బెంగ లేదు కానీ, ఇంట్లో అతనికి చోటు, తిండి, నిద్ర చూడాలి. రాత్రి మూడుసార్లు లేచిన మనిషి పగలు కునికితే తప్పు పట్టలేం.

నర్సు కావాలా అని అడుగుతారు. ముక్కు గొట్టం, మూత్రం పైపు, ఇంజెక్షన్లు, పుండ్లకు కట్లు ఉంటే నర్సు కావాలి. మీరు రాసినదాన్ని బట్టి అవేమీ లేవు. మీకు కావలసింది మనిషిని లేపడం, కూర్చోబెట్టడం నేర్చిన అటెండెంట్. నర్సు పేరుతో ఎక్కువ రేటు చెబితే చదివిన నర్సింగ్ కోర్సు ఏఎన్ఎమ్మా, జీఎన్ఎమ్మా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరేమిటి అని అడగండి. నిజమైన నర్సు అయితే నంబరు చెబుతుంది.

వచ్చిన అటెండెంట్‌కి పని వచ్చో రాదో తెలుసుకోవడానికి సర్టిఫికెట్ కంటే మాస్టారి చొక్కా బాగా పనికొస్తుంది. చొక్కా చేతికిచ్చి, తొడగమనండి. పని తెలిసినవాడు ముందు పట్టు తప్పిన కుడి చేతికి ఎక్కించి, తర్వాత వీపు మీదుగా తిప్పి, చివర ఎడమ చేతికి తొడుగుతాడు. విప్పేటప్పుడు బాగున్న ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి చివర. తెలియనివాడు బాగున్న చేతికి ముందు తొడిగేసి, బిగుసుకున్న చేతిని వెనక్కి గుంజుతాడు. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకునో, ఆ చంకలో చెయ్యి వేసో పైకి లాగాడంటే ఆ రోజే వద్దనండి, ఆ భుజం నొప్పి నెలల తరబడి పోదు. మీరు కూడా అలాగే లేపుతుంటే మానేయండి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపే పద్ధతి ఉంది. థెరపిస్టుని అడిగితే ఒక్క పూటలో ఇద్దరికీ నేర్పిస్తారు.

డబ్బు సంగతి కాస్త త్వరగా చెబుతాను. ఎన్టీఆర్ భరోసా పెన్షన్ పథకంలో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 ఇస్తున్నారు కదా అని ఎవరైనా అంటే సచివాలయం చుట్టూ తిరగకండి. ప్రభుత్వ పెన్షన్ వస్తున్న ఇంటికి అది వర్తించదు. పెన్షనర్ల హెల్త్ కార్డు ఆస్పత్రి వైద్యానికి పనికొస్తుంది, ఇంటి అటెండెంట్ జీతానికి కాదు. మిగిలింది ఆయన పెన్షన్, పై వాటా అద్దె. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఈసారి అగ్రిమెంట్ మీ పేరు మీద తీసుకుని, డబ్బు మీ ఖాతా నుంచే కట్టండి. ఇప్పుడు కట్టేది అబ్బాయి కాబట్టి సంస్థ హైదరాబాద్‌కే ఫోన్ చేస్తుంది. మనిషి రాని పొద్దున మీరు ఫోన్ చేస్తే 'సార్‌తో మాట్లాడతాం' అంటున్నారని మీరే రాశారు. అబ్బాయి కాస్త నొచ్చుకోవచ్చు. 'తక్కువ పడితే నువ్వే వెయ్యాలి' అనండి, సర్దుకుంటాడు.

డిపాజిట్‌ను అంత తేలిగ్గా వదులుకోకండి. మీ దగ్గరున్న కాగితంలో డిపాజిట్ తిరిగి ఇవ్వబోమని ఎక్కడైనా ఉందా చూడండి. లేకపోతే, పంపిన మనిషి ఏయే పనులు చేయలేదో రాసి, తిరిగివ్వమని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అడగండి. నోటిమాట లెక్కలోకి రాదు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. సంతకం మాస్టారిది కాబట్టి వాళ్లు అదే చూపిస్తారు, పూర్తి సొమ్ము రాకపోవచ్చు. కొత్త సంస్థ దగ్గర మాత్రం సంతకానికి ముందే నాలుగు మాటలు రాయించుకోండి: మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో ఇంకొకర్ని పంపుతారు, ఎన్ని రోజుల్లోగా నచ్చకపోతే మార్చుకోవచ్చు, పేషెంట్ పరిస్థితి మారితే ఛార్జీ లేకుండా మళ్లీ చూస్తారా, డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారు.

సంస్థలే వద్దు, కొత్తపేట ఆస్పత్రుల్లో పనిచేసే తెలిసిన ఆయమ్మనో, వార్డుబాయ్‌నో నేరుగా పెట్టుకుంటాం అంటారా? అదీ ఒక దారే. పని బాగా తెలిసినవాళ్లు దొరుకుతారు, మధ్యలో కమీషన్ ఉండదు. వాళ్లింట్లో పెళ్లో, జ్వరమో వస్తే మాత్రం ఆ రాత్రి మళ్లీ మీరే. ఆధార్ కాపీ తీసుకుని, స్టేషన్‌లో వివరాలు ఇచ్చాకే తాళాలు అప్పగించండి.

హైదరాబాద్, హోమ్ అంటే మాస్టారు వద్దంటున్నారు. 'బ్రాడీపేట దాటను' అనడంలో మొండితనం ఒక్కటే లేదు. అడుగు తీసి అడుగేస్తే మందుల షాపు, పిలిస్తే వచ్చే డాక్టరు, 'మాస్టారూ, బాగున్నారా?' అని ఆగి పలకరించే పాత శిష్యులు. పదో అంతస్తు ఫ్లాట్‌లో ఆయనకు ఇవేవీ ఉండవు. అయినా మీ చేతికి సిమెంటు కట్టు పడితే ఆ నెల రోజులైనా ఎక్కడో ఒకచోట ఉండక తప్పకపోవచ్చు. ఇల్లు ఖాళీ చేయకుండా, నెల రోజులకని చెప్పి వెళ్లి చూడొచ్చు. అబ్బాయికి కూడా రాత్రి 1:40 ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

ఏది ఎవర్ని అడగాలో తోచకపోతే వృద్ధుల కోసం 14567 అనే ఉచిత నంబరుంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది.

ఈలోగా రేపో ఎల్లుండో వడ్రంగినో, ప్లంబర్‌నో పిలిచి బాత్రూమ్‌లో ఆయన ఎడమ చేతివైపు, బాగున్న చేతికి అందేలా స్టీల్ రాడ్ బిగించండి. రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ పెడితే ఆ నడకే తప్పుతుంది. కొత్త సూపర్‌వైజర్ వచ్చే రోజు మాస్టారికి ఇస్త్రీ చొక్కా తప్పకుండా వేయండి, తల దువ్వండి. యూరిన్ క్యాన్ మాత్రం బీరువా వెనక్కి పోకూడదు, మంచం పక్కనే ఉండనివ్వండి.